ఆకుసంపెంగకు పోసిన నీళ్ళు

ఒక ఆకు కోసి, తడిగుడ్డలో చుట్టి, చేతిసంచిలో పెట్టుకొని రాజేంద్రనగర్ దారిలో ఉన్న నర్సరీకి వెళ్ళాను. ముప్పయ్యారేళ్ళు సర్కారు దవాఖానల్లో నర్సుగా పనిచేసినదాన్ని. రోగిని తీసుకుపోలేనప్పుడు కనీసం నమూనా అయినా పట్టుకుపోవాలన్న బుద్ధి రిటైరైనా వదల్లేదు. ఆ నర్సరీ నడిపేది నలభై ఏళ్ళ ఆవిడ. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకొని కుండీల మధ్య పైపుతో నీళ్ళు పడుతోంది. ఆకు చూపించాను. ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలి, వాటి మధ్య భాగమంతా పసుపు రంగుకు తిరిగిన ఆకు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఆకుసంపెంగ గదా అక్కా? మీది కొత్త ఇల్లా?" అంది. ఇల్లు కొత్తదే, నేను కిరాయికి ఉంటున్నాను అన్నాను. "గదే మరి. ఇల్లు కట్టినప్పుడు సిమెంటు, సున్నం అంత ఆడనే పారబోస్తరు. గా మట్టిల ఇది బతకదు. దీనికి పులుపు మట్టి కావాలె, ఎప్పుడు తడి ఉండాలె. సున్నం తగిలిందా, ఇగ గింతే, ఈనెలు మిగుల్తయి, ఆకు పసుపైతది. చిక్కటి సున్నంనీళ్ళు ఒక్క బకిటెడు వొయ్యి, ఎంత పెద్ద పొదనైన సంపుతది" అంది, రోజూ వందమందికి చెప్పే మాటలాగా.

నేను పక్కనున్న బోర్లించిన కుండీ మీద కూర్చుండిపోయాను. ఆవిడ కంగారుపడి, "షుగరా అక్కా?" అని మంచినీళ్ళ సీసా అందించింది. అవునన్నాను. షుగరు నాకు ఉన్నమాట నిజమే, కాని కూలబడింది దానివల్ల కాదు. బకెట్టు నిండా అక్కర్లేదు, సగం చాలు. ఆ సంగతి ఆవిడకంటే నాకే బాగా తెలుసు. యాభై ఏళ్ళ కిందట సగం బకెట్టు సున్నం మా మేనత్త ఆకుసంపెంగ మొదట్లో పోసింది నేనే. పోసినట్టు మొదటినుంచీ గుర్తుంది. దానివల్లే చెట్టు చచ్చిందని మాత్రం అరవై ఒకటో ఏట, నర్సరీలో, ఒకావిడ మాటల మధ్యలో తెలిసింది. అన్నేళ్ళూ నేను ఇంకొకరిని దోషిగా నమ్మాను.

అప్పుడు నాకు పదేళ్ళు. మా బాపు రోడ్లు వేసే ముఠాలో పనిచేసేవాడు. డాంబరు డ్రమ్ములు ఎక్కడికి పోతే ఆయనా, అమ్మా అక్కడికి పోయి గుడిసె వేసుకునేవాళ్ళు. నా చదువు పాడైపోతోందని శంషాబాద్‌లో ఉన్న బాపు అక్క ఎస్తేరమ్మ దగ్గర నన్ను దించి వెళ్ళారు. అమ్మ వెళ్ళేటప్పుడు వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే వెళ్ళలేకపోయేదని ఇప్పుడు తెలుసు గాని, అప్పుడు మాత్రం నన్ను వదిలించుకొని సంతోషంగా పోయిందనే అనుకున్నాను. ఎస్తేరమ్మత్తకు పిల్లల్లేరు. మా మామ పెళ్ళైన మూడో ఏడు బొంబాయి మిల్లులో పనికని పోయి మళ్ళీ రాలేదు. ఎవరైనా అడిగితే అత్తమ్మ "బొంబాయిల ఉన్నడు" అని ఒక్క ముక్క చెప్పి, వాళ్ళ పిల్లల బాగోగులు అడిగేది. ఆమె చనిపోయేదాకా ఆయన బొంబాయిలోనే ఉన్నాడు.

అత్తమ్మ కోడికంటే ముందు లేచేది. ముందు వాకిలి ఊడ్పు, తరువాత పొయ్యి, ఆ తరువాత ప్రార్థన. ప్రార్థన అంటే మోకాళ్ళ మీద కూర్చొని దేవుడితో తగవు పెట్టుకోవడమే. "ప్రభువా, నిన్న చెప్పింది యాదికున్నదా? లేకుంటె మళ్ళ చెప్తున్న ఇను" అంటూ మొదలుపెట్టేది. నేను దుప్పటిలోంచి వినేదాన్ని. జొన్నరొట్టె కాలుతున్న వాసన, కిరసనాయిలు బుడ్డి ఆర్పిన వాసన, తడి వాకిలి వాసన కలిసి వచ్చేవి. తొమ్మిదింటికి కూలికి పోయేది. నన్ను కొట్టింది లేదు, ఒళ్ళో కూర్చోబెట్టుకున్నదీ లేదు. అన్నం మాత్రం తనకంటే ముందు నాకు పెట్టి, నేను తిన్నాక పళ్ళెంలో ఏం మిగిల్చానో చూసేది. ఆ చూపే ప్రేమ అని గుర్తుపట్టడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఆమె ప్రాణం మొత్తం వెనక వాకిట్లో ఉన్న ఆకుసంపెంగ పొద మీద ఉండేది. ఆ పొద వచ్చిన కథ ఆమె సంవత్సరానికి ఒక్కసారైనా చెప్పేది, చెప్పినప్పుడల్లా నవ్వేది. ఒక వానాకాలం ఆమె రాజేంద్రనగర్ దిక్కున ఒక పెద్ద తోటలో కలుపు తీయడానికి కూలికి పోయింది. అక్కడ ఆ పువ్వు వాసన తగిలింది. అడిగితే ఎవరిస్తారు? అందుకని ఎవరూ చూడకుండా అంటు తొక్కింది. అంటే, నేలకు దగ్గరగా ఉన్న కొమ్మను వంచి, బెరడు కాస్త గీరి, ఆ చోటు మట్టిలో పూడ్చి, పైన పెంకు పెట్టింది. తల్లిచెట్టు నుంచి తెంచకుండా అలాగే వేర్లు వచ్చేదాకా ఆగాలి. మూడు నెలలు కలుపు తీస్తున్నట్టు నటిస్తూ దాని దగ్గరికే పోయి, తాగే నీళ్ళలో సగం దానికి పోసింది. చివరికి తోటమాలి పట్టుకున్నాడు. ముసలాయన తిట్టలేదు, నవ్వాడు. "గింత ఓపికున్నదానివి, తీస్కపో. గని పులుపు మట్టిల పెట్టు. తడి ఆరనియ్యకు, మిట్టపగటి ఎండ తగలనియ్యకు" అని చెప్పి తనే కొమ్మ తెంచి ఇచ్చాడట. ఆమె దాన్ని సద్ది గిన్నెలో పెట్టుకొని నడుచుకుంటూ తెచ్చింది. "దొంగమొక్కనే మంచిగ బతుకుతది బిడ్డా, గందుకే అడగలె" అనేది.

మా వైపు నేల ఎర్రటి గరుసు. గునపం దిగితే రాయి మోగుతుంది. అందులో పులుపు మట్టి ఎక్కడినుంచి వస్తుంది? అత్తమ్మ తయారుచేసింది. మోకాటిలోతు గుంట తవ్వి, అందులో ఉన్న గరుసంతా ఎత్తిపోసి, చింతచెట్ల కింద ఏళ్ళ తరబడి రాలి మురిగిన ఆకు గంపలతో మోసుకొచ్చింది. ఎండాకాలం హిమాయత్ సాగర్ నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు పోయి నల్లటి ఒండ్రు తెచ్చింది. చాయ హోటలు వాడి దగ్గర వాడి పారేసిన చాయపత్తి అడిగి తెచ్చి వేసేది, పది రోజులకొకసారి పులిసిన మజ్జిగ పలచన చేసి పోసేది. మట్టి సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఆమె పద్ధతి ఒక్కటే. చిటికెడు మట్టి తీసి నాలుక కొసన పెట్టుకొని, కళ్ళు మూసుకొని, పప్పులో పులుపు చూసినట్టు చూసి ఉమ్మేసేది. "ఇంక జర కావాలె" అనో, "ఇగ సాలు" అనో తీర్పు చెప్పేది. నేనూ రుచి చూశాను. నాకు మట్టి మట్టిలాగే ఉంది.

మా వెనక గోడకు ఒక చిన్న దిడ్డి తలుపు ఉండేది. అటువైపు కుల్సుంబీ ఖాలా ఇల్లు. ఆమె భర్త మేకల బేరానికి సంతలు పట్టుకొని తిరిగేవాడు, నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. ఒక్కతే కూతురు, రెహానా, నాకంటే నాలుగేళ్ళు పెద్దది. వాళ్ళ వాకిట్లో బావి ఉంది. వీధిలో బోరింగు నీళ్ళు ఉప్పగా ఉండేవి, బిందె లోపల తెల్లటి పొర కట్టేవి. ఆ నీళ్ళు ఆకుసంపెంగకు పడవని అత్తమ్మ మొదటి నెలలోనే గ్రహించింది. ఖాలా బావి నీళ్ళు మాత్రం కొబ్బరినీళ్ళలా ఉండేవి. రోజూ సాయంత్రం ఖాలా రెండు బిందెలు తోడి దిడ్డి గడప మీద పెట్టేది. ఒకటి మాకు తాగడానికి, ఒకటి చెట్టుకు. ఆ వంకన ఇద్దరూ గడపకు అటొకరు ఇటొకరు కూర్చునేవాళ్ళు. అత్తమ్మ మట్టి రుచి చూస్తుంటే ఖాలా చెంగు నోటికి అడ్డం పెట్టుకొని, "ఎస్తేరూ, మట్టి తింటున్నవు, కడుపుతోని ఉన్నవా ఏంది? బొంబాయికి జాబు రాయాల్నా?" అనేది. ఆ మాట ఇంకెవరన్నా అని ఉంటే అత్తమ్మ ఆ మనిషి ఇంటి గడప తొక్కేది కాదు. ఖాలా అంటే మాత్రం పగలబడి నవ్వేది. మొగుళ్ళు ఊళ్ళు పట్టిపోయిన ఇద్దరు ఆడవాళ్ళు పొద్దుగూకేటప్పుడు అలా నవ్వుకోవడం నేను గోడకు ఆనుకొని చూసేదాన్ని. ఆ ఇంట్లో నాకు ఒంటరితనం తెలియని వేళ అదొక్కటే.

ఆకుసంపెంగ పువ్వును చూసినవాళ్ళకు తెలుస్తుంది, అది దాక్కునే పువ్వు. ఆకు రంగులోనే ఉండి ఆకు కిందే వేలాడుతుంది. కళ్ళతో వెతికితే దొరకదు, ముక్కుతో వెతకాలి. పండి పసుపు రంగుకు వచ్చినప్పుడు వాసన వాకిలి దాటి వీధిలోకి పోతుంది. మనసులో ఏ పండు తలుచుకుంటే ఆ పండు వాసన వేస్తుందని అందరూ అంటారు. ఖాలా దాన్ని హరీ చంపా అనేది, కళ్ళు మూసుకొని "సీతాఫల్" అనేది. అత్తమ్మ ఎప్పుడూ "పనసపండు" అనేది. రెహానాకు జామపండు. నా వంతు వచ్చినప్పుడు ఏదో ఒక పండు పేరు చెప్పి తప్పించుకునేదాన్ని గాని, నాకు ఏ పండూ తోచేది కాదు. అమ్మ తలలో నూనె, చెమట కలిసిన వాసన కావాలని తలుచుకునేదాన్ని. ఒక్కసారి కూడా రాలేదు.

రెహానాకు పెళ్ళి మాటలు నడుస్తున్న రోజుల్లో ఖాలా ఒక కోరిక కోరింది. "ఒక అంటు తొక్కి ఇయ్యి ఎస్తేరూ. పిల్ల అత్తగారింట్ల పెట్టుకుంటది. పుట్టింటి వాసన ఉంటది" అంది. అత్తమ్మ "ఇస్తతియ్యి" అంది. అన్నది గాని ఇవ్వలేదు. చలికాలం అయిపోనీ అంది, వానలు పడనీ అంది, కొమ్మ ముదరనీ అంది. ఉన్నదాంట్లో సగం ఎవరికైనా పెట్టే మనిషి, ఈ ఒక్క చెట్టు దగ్గర పిసినారి అయిపోయింది. మూడు నెలలు దొంగచాటుగా నీళ్ళు పోసి సంపాదించుకున్నది కదా, ఆ ఊళ్ళో ఇంకెక్కడా లేనిది కదా. ఖాలా రెండుసార్లు గుర్తుచేసి ఊరుకుంది.

ఆ ఏడు క్రిస్మస్‌కు అమ్మా బాపు వస్తామని కబురు పంపారు. మా ఇళ్ళల్లో క్రిస్మస్ అంటే ముందు సున్నాలు. సున్నపురాళ్ళు కుండలో వేసి నీళ్ళు పోస్తే బుసబుసా పొంగేవి. చల్లారాక వడగట్టి, నీలిమందు చుక్క కలిపి, గోడలకు రెండు పూతలు వేసేవాళ్ళు. ఆ ఘాటు ముక్కులో పడితే ఇక పండగ వచ్చినట్టే. అత్తమ్మ గోడలు, నేను కింది వరస. సాయంత్రానికి బకెట్లో సగం మిగిలింది, అడుగున ముద్ద పేరుకొని ఉంది. వేరే ఏళ్ళయితే అది వీధి కాలువలో పోయేదట. అత్తమ్మ చేతులు కడుక్కోవడానికి పోయింది. నాకు మా చర్చి కాంపౌండులో చెట్లు గుర్తొచ్చాయి. ప్రతి చెట్టు మొదట్లో గుండ్రంగా తెల్లటి గీత ఉండేది, చూడటానికి ఎంతో శుభ్రంగా, గొప్పగా ఉండేది. అమ్మ వచ్చేసరికి మా చెట్టు కూడా అలా ఉండాలనిపించింది. ఆకుసంపెంగ పాదు చుట్టూ కుంచెతో వలయం గీశాను. గీత ఆరితే వెలిసిపోతుందేమోనని, గట్టిగా నిలవాలని, మిగిలినదంతా పాదులో గుమ్మరించాను. అడుగు ముద్దను చేత్తో గీకి మరీ పోశాను. తరువాత తెల్లగా వికారంగా కనిపిస్తున్న పాదు మీద ఎండుటాకులు కప్పాను. అత్తమ్మ వచ్చి వలయం చూసి, "అబ్బ, మన చర్చి లెక్కనే ఉన్నది పిల్లా!" అంది. నన్ను ఆమె నోరారా మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. అమ్మా బాపు రాలేదు. పని వదిలి రావడానికి మేస్త్రి ఒప్పుకోలేదని కబురొచ్చింది.

కొత్త ఏడు మొదటి వారాల్లోనే ఆకులు రంగు తిరిగాయి. అత్తమ్మ మొదట చలి అనుకుంది. మజ్జిగ పోసింది. ఖాలా దగ్గర రెండో బిందె కూడా చెట్టుకే అడిగి పోసింది. ఆకులు ముట్టుకుంటే రాలుతున్నాయి. ఆమె మట్టి తీసి నాలుక మీద పెట్టుకుంది, వెంటనే ఉమ్మేసి మళ్ళీ మళ్ళీ నోరు కడుక్కుంది. "మట్టి ఇరిగిపోయింది. మంట మండుతుంది. ఎవలో ఏమో కలిపిండ్రు" అంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఊళ్ళో వాంతులు, విరేచనాలు ఉన్నాయని పంచాయతీ వాళ్ళు వీధి బావుల్లో తెల్లటి పొడి మందు వేసిపోయారు. రెండూ రెండూ కలిపి అత్తమ్మ అయిదు చేసింది. సున్నం సంగతి ఆమెకు తట్టలేదు. నాకైతే అసలే తట్టలేదు. వలయం గీయడం నేను చేసిన మంచిపని, దానికి మెప్పు కూడా వచ్చింది.

ఆ సాయంత్రం ఖాలా బిందెలు గడప మీద పెట్టగానే అత్తమ్మ, "కుల్సుమ్మా, నిజం చెప్పు. మీ బాయిల మందేసిండ్రా?" అంది. ఖాలా లేదంది. వీధి బావుల్లోనే వేశారు, మా ఇంట్లోకి ఎవరూ రాలేదు అంది. "మరి నా చెట్టెట్ల సస్తుంది? నీ నీళ్ళు దప్ప దానికేం పోస్తలేను." ఖాలా నవ్వుదామని చూసింది. "అల్లా కసం ఎస్తేరూ, నేను గా నీళ్ళే తాగుతున్న, నా బిడ్డ తాగుతుంది" అంది. అత్తమ్మ ఊరుకోవలసింది. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. అత్తమ్మ నోరు జారింది. "అంటు ఇయ్యలేదని కడుపుల పెట్టుకున్నవ్. నాకు లేనిది దానికెందుకనుకున్నవ్. నా చెట్టును సంపినవ్" అంది. ఖాలా రెండు బిందెలూ ఎత్తి, నీళ్ళు అక్కడే ఆ గడప మీదే ఒంపేసి, ఖాళీ బిందెలు చంకన పెట్టుకొని వెళ్ళిపోయింది. మరునాడు దిడ్డికి అటువైపునుంచి మేకు కొట్టిన చప్పుడు వినిపించింది. ఇంకో రెండు రోజులకు నేను గోడ ఎక్కి, బట్టలు ఆరేస్తున్న రెహానాతో, "మీ నీళ్ళు విషం. మీరు విషం పోసేటోళ్ళు" అని అరిచాను. నాకంటే పెద్దదాన్ని పట్టుకొని ఏడిపించగలిగానని గోడ దిగేటప్పుడు గర్వంగా కూడా ఉంది. ఎండాకాలానికి పొద కట్టెలయింది. అత్తమ్మ ఆ కట్టెలు పొయ్యిలో పెట్టలేదు, గోడవారన నిలబెట్టి ఉంచింది.

ఆ తరువాత అత్తమ్మ పదకొండేళ్ళు బతికింది. వీధి బోరింగు ఉప్పునీళ్ళే తాగింది. సాయంత్రాలు ఆ మూసిన దిడ్డి దగ్గరే బియ్యం చెరుగుతూ కూర్చునేది. అటువైపు ఖాలా బొక్కెన బావిలో పడిన చప్పుడు, గిలక కిర్రుమన్న చప్పుడు స్పష్టంగా వినిపించేవి. అప్పుడు చెరగడం ఆపి వినేది. నేను చూడటం చూసి మళ్ళీ చెరిగేది. నేను నర్సు ట్రైనింగుకు పోయాను, ఆ ఇంట్లో ఇక ఆమె ఒక్కతే. అత్తమ్మ పోయినప్పుడు పెట్టె మోసుకుపోతుంటే వీధి మలుపులో ఖాలా బురఖా మొహం మీదినుంచి తీసి నిలబడి ఉంది. ఇంట్లోకి రాలేదు. నేను చూసి కూడా పిలవలేదు. మా అత్తమ్మ చెట్టును చంపిన మనిషి కదా అనుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

ఇప్పుడు ఆ ఇల్లూ లేదు, ఆ గోడా లేదు. విమానాశ్రయం వచ్చాక ఆ దిక్కంతా ప్లాట్లయ్యాయి, ప్లాట్లన్నీ మేడలయ్యాయి. రిటైరయ్యాక చుట్టుపక్కల తెలిసిన ఊరు ఇదొక్కటే కదా అని వచ్చి చిన్న పోర్షను కిరాయికి తీసుకున్నాను. తెలిసిన మొహం ఒక్కటీ కనిపించలేదు. పక్క పోర్షనులో ఎవరో ఉద్యోగస్తులు, వాళ్ళ చెప్పుల జతలు తెలుసు గాని మొహాలు తెలియవు. పది నిమిషాలకొక విమానం ఇంటి మీదుగా దిగుతుంది, గాజు గ్లాసులు సన్నగా మోగుతాయి. నీళ్ళు డబ్బాల్లో వస్తాయి. డబ్బావాడు గుమ్మంలో పెట్టి బెల్లు కొట్టి, నేను తలుపు తీసేలోపు వెళ్ళిపోతాడు. అత్తమ్మ కాలంలో ఒక బిందె మంచినీళ్ళకు ఇంకొకరి గడప దగ్గర కూర్చోవలసి వచ్చేది. అది కష్టమే, నేను కాదనను. ఆ కష్టం తీరిపోయాక నాకు రోజంతటిలో మాట్లాడే మనిషి లేకుండా పోయింది. అందుకే ఆ మొక్క కొన్నాను. అత్తమ్మకు తోడున్నట్టు నాకూ ఉంటుందేమో అనుకున్నాను.

నర్సరీ నుంచి వచ్చిన మరునాడు పాత బజారులో మటన్ దుకాణానికి పోయి, కుల్సుంబీ అనే ముసలావిడ ఎవరికైనా గుర్తుందా అని అడిగాను. దుకాణం ఆయన కత్తి ఆపి, "మా పెద్దమ్మ. ఉన్నది గదా! హిమాయత్ సాగర్ దిక్కు, రెహానక్క ఇంట్ల" అన్నాడు. బతికి ఉందని వినగానే నాకు ముందు భయమేసింది. చనిపోయి ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను కూడా. ఏం తీసుకుపోవాలో తోచలేదు. ఆమె అడిగిన అంటు ఇద్దామంటే నా చెట్టే చావుబతుకుల్లో ఉంది. చివరికి ఉత్తచేతులతోనే ఆటో ఎక్కాను.

రెహానా జుట్టు నెరిసి, మోకాళ్ళు పట్టుకొని నడుస్తోంది. నన్ను పోల్చుకోలేదు. ఖాలా కిటికీ పక్కన మంచం మీద కూర్చొని ఉంది. చెక్క ముక్కలా ఎండిపోయింది, కళ్ళల్లో పొర. "ఎవరు?" అంది. "రూతును ఖాలా. ఎస్తేరమ్మ కోడల్ని" అన్నాను. రెహానా చేతిలో ఉన్న చాట అలాగే ఆగిపోయింది. ఖాలా, "ఎస్తేరు కోడలా. కూసో" అంది. రెహానా నీళ్ళు తెచ్చింది. ఖాలా ఆ గ్లాసు తను అందుకొని, ఒక గుక్క తాగి, నోట్లో ఆపి, మింగి, కాసేపు ఆగి, అప్పుడు నాకు ఇచ్చింది. రెహానా మొహమాటపడుతూ, "ఏమనుకోకు, అమ్మీకి గిది పాత అలవాటు. ఇంటికి ఎవరొచ్చిన తను తాగి చూసినంకనే ఇస్తది. పిల్లలు నవ్వుతరు" అంది.

నాకు నవ్వు రాలేదు. ఆ నీళ్ళు తాగి మొత్తం చెప్పాను. సున్నం, వలయం, అడుగు ముద్ద, ఎండుటాకులు, నర్సరీ ఆవిడ మాట, ఏదీ దాచలేదు. గోడ ఎక్కి రెహానాను అన్న మాట కూడా చెప్పాను. చెబుతుంటే గొంతు పదేళ్ళ పిల్లదానిదైపోయింది. ఎంతోమందికి వాళ్ళ మనిషి పోయాడని నిబ్బరంగా చెప్పిన గొంతు అది. ఖాలా చెవి నావైపు పెట్టి విన్నది. "సున్నమా?" అంది. "సున్నమే ఖాలా. నేనే పోసిన." మళ్ళీ, "నా నీళ్ళు కాదా?" అంది. కాదన్నాను.

"కసమైతె తిన్న గని," అంది ఖాలా, "తర్వాత నాకే అనుమానమొచ్చింది బిడ్డా. బొక్కెనకు ఏమన్న అంటిందా? రెహానా దుపట్టాకు రంగేసిన నీళ్ళు బాయిల పడ్డయా? ఎస్తేరు ఊకె అనది గదా, మట్టి నోట్లె పెట్టుకొని చెప్తది గదా. గప్పటిసంది ఎవ్వలకు నీళ్ళియ్యాలన్న ముందు నేను తాగి చూస్తున్న. అంటు మీద ఆశ పడ్డ మాట నిజమే. గా ఆశనే పాపమై తగిలిందా అని గిన్నేండ్లు సోంచాయించిన."

తరువాత తల ఎత్తి గట్టిగా పిలిచింది. "రెహానా, ఇటు రా. కోడల్ని పిలువు. పిల్లలను పిలువు, అందరు రావాలె." ఏమైందోనని ఇంట్లోవాళ్ళంతా వచ్చి మంచం చుట్టూ నిలబడ్డారు, చేతుల్లో ఫోన్లు పట్టుకొని. "ఇగ మళ్ళ చెప్పు," అంది నాతో. "నిలబడి చెప్పు, అందరు ఇనాలె." నేను లేచి నిలబడి, ఆ గదిలో ఎవరికీ తెలియని ఒక చెట్టు గురించి, వాళ్ళెవరూ చూడని ఒక బావి గురించి చెప్పాను. "మీ అమ్మమ్మ నీళ్ళు మంచియే. తప్పు నాది" అన్నాను. మనవళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రెహానా మాత్రం చెంగుతో కళ్ళు తుడుచుకొని గోడవైపు తిరిగింది. "ఇన్నరా? నా నీళ్ళు మంచియే" అని ఖాలా ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడిగింది. అందరూ విన్నామని చెప్పేదాకా వదల్లేదు.

వాళ్ళు వెళ్ళిపోయాక ఆమె అలసిపోయి పడుకుంది. నిద్రపోయిందనుకొని నేను చెప్పులు వెతుక్కుంటుంటే నా చెయ్యి పట్టుకుంది.

"అందరికి చెప్పినవ్, మంచిగైంది. ఇగ ఎస్తేరుకు ఎవరు చెప్తరు బిడ్డా?" అంది.

నేను మళ్ళీ మంచం పట్టె మీద కూర్చుండిపోయాను.